రోజూ 1000 మి.గ్రా. విటమిన్ సి బిళ్ల వేసుకుంటే కిడ్నీలో రాళ్లు వస్తాయా?

కూకట్‌పల్లి_కోడలు
మా వారికి 41 ఏళ్లు. పోయిన నెల ఎడమవైపు నడుములో నొప్పి మొదలై గజ్జల దాకా పాకింది. స్కాన్ తీస్తే మూత్రనాళంలో 7 మి.మీ. రాయి ఇరుక్కుని ఉంది. లేజర్‌తో పగలగొట్టి తీశారు, మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ గొట్టం కూడా తీసేశారు. ఇప్పుడు నొప్పి లేదు, ఆఫీసుకి వెళ్తున్నారు.

నా సందేహం ఇది. 2021లో కోవిడ్ రెండో వేవ్ అప్పుడు మొదలుపెట్టిన విటమిన్ సి బిళ్ల ఆయన ఇప్పటికీ వదల్లేదు. నీళ్లలో వేస్తే పొంగే రకం, 1000 మి.గ్రా., రోజూ ఒకటి. యూరాలజిస్టు ఆ మాట వినగానే ముందు అది మానేయమన్నారు. మా మరిదికి మందుల షాపు ఉంది. "సి విటమిన్ నీళ్లలో కరిగేది వదినా, ఎక్కువైతే ఒంటేలుకి పోతుంది, దానివల్ల ఏ నష్టమూ లేదు" అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

ఇంకో తలనొప్పి మా అత్తగారు. డాక్టరు "విటమిన్ సి మానేయండి" అన్న మాట చెవిన పడగానే ఇంట్లో నిమ్మకాయ, జామకాయ, ఉసిరికాయ పచ్చడి అన్నీ బంద్ చేసేశారు. కొడుకు మీద బెంగ, కాదనలేను. పళ్లు కూడా మానేయాలా నిజంగా?

చుక్కకూర_పప్పు
మా ఇంట్లోనూ అంతే. రాయి అనగానే టమాటా, వంకాయ, పాలు, పెరుగు అన్నీ మానిపించారు. చివరికి ఏం తినాలో తెలియక మా నాన్న చారన్నంతో సరిపెట్టుకున్నారు. ఎవరైనా తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, నేనూ చూస్తుంటాను.

స్టెంట్_డాక్టర్
యూరాలజీలో పీజీ చేస్తున్నాను. మీ వారిని నేను చూడలేదు కాబట్టి చికిత్స సంగతి మీ డాక్టరుకే వదిలేస్తాను. సాధారణంగా తెలిసిన విషయం చెప్తాను.

మీ మరిది గారు చెప్పింది సగం కరెక్టు. విటమిన్ సి నీళ్లలో కరుగుతుంది, మిగిలింది మూత్రంలో పోతుంది. అయితే అందులో కొంత భాగం విటమిన్ సి లాగే పోదు, ఒంట్లో విడిపోయి ఆక్సలేట్ అనే వ్యర్థ పదార్థంగా మారి పోతుంది. మన దగ్గర చూసే రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వే. మూత్రంలో ఆక్సలేట్ పెరిగి, దానికి తోడు నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడితే ఆ రెండూ కలిసి పలుకులు కడతాయి. "ఒంటేలుకి పోతుంది" అని ధైర్యం చెప్తారు గానీ, రాయి పుట్టేది ఆ ఒంటేలులోనే కదా.

ఇంకోటి. పేగులు విటమిన్ సిని అంతులేకుండా పీల్చుకోవు. 200 మి.గ్రా. దాకా దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. ఒకేసారి ఒక గ్రాము వేసుకుంటే సుమారు సగమే పడుతుంది. రక్తంలో దాని మోతాదు ఒక హద్దు దాటి పెరగదు. అంటే 1000 మి.గ్రా. బిళ్లతో అదనంగా వచ్చే లాభం తక్కువ, కిడ్నీకి పని మాత్రం ఎక్కువ.

అందరిలో ఆక్సలేట్ ఒకేలా పెరగదు. గ్రాము చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చి చూసిన ఒక పరిశోధనలో పదిమందిలో నలుగురికి పెరిగింది, మిగతావాళ్లకి పెద్దగా మార్పు లేదు. మీ వారు ఏ గుంపులో ఉన్నారో పరీక్ష చేయకుండా చెప్పలేం. ఒకసారి రాయి వచ్చిన మనిషి ఆ పందెం కాయాల్సిన అవసరం ఏముంది? బిళ్ల మానేయమన్న మీ డాక్టరు మాటే నాదీ.

పళ్లు మానక్కర్లేదు. నిమ్మకాయ అసలే మానొద్దు.

కూకట్‌పల్లి_కోడలు
@స్టెంట్_డాక్టర్ ఆ చివరి రెండు వాక్యాలు మా అత్తగారికి చదివి వినిపించాను. "పేరూ ఊరూ లేని డాక్టరు" అన్నారు. ఎందుకో కాస్త వివరంగా రాస్తే ఇంకోసారి ప్రయత్నిస్తాను.

విటమిన్_వీరుడు
ఇలాంటి పోస్టులు చూసి జనం భయపడి మంచి అలవాటు మానేస్తారు. లైనస్ పాలింగ్‌కి రెండు నోబెల్ బహుమతులు వచ్చాయి. రోజూ గ్రాములకొద్దీ విటమిన్ సి వేసుకుని 93 ఏళ్లు బతికాడు. నేనూ ఏళ్ల తరబడి వేసుకుంటున్నా, జలుబు కూడా రాదు. రాయీ లేదు రప్పా లేదు.

కూకట్‌పల్లిలో ట్యాంకరు నీళ్లు తాగి, ఏసీలో కూర్చుని, రోజంతా గ్లాసు నీళ్లు ముట్టని వాళ్లకి రాళ్లు వస్తే తప్పు బిళ్లదా?

లెక్కల_మాస్టారు
పాలింగ్ పెద్ద శాస్త్రవేత్త, అందులో సందేహం లేదు. 1954లో రసాయన శాస్త్రానికి, 1962లో శాంతికి నోబెల్ వచ్చాయి. ఆ రెండూ విటమిన్ సి మీద చేసిన పనికి కాదు. ఒక మనిషి 93 ఏళ్లు బతకడం రుజువూ కాదు. మా ఊళ్లో రోజూ చుట్ట కాల్చి తొంభై దాటినవాళ్లు ఉన్నారు.

రుజువు కావాలంటే వేలమందిని ఏళ్ల తరబడి చూడాలి. స్వీడన్‌లో అలా చూశారు, 2013లో ప్రచురించారు. 45 నుంచి 79 ఏళ్ల మగవాళ్లు 23,355 మంది. మొదలుపెట్టేనాటికి వాళ్లెవరికీ రాళ్లు లేవు. 11 ఏళ్లు గమనించారు. 436 మందికి మొదటిసారి రాళ్లు వచ్చాయి. వేరే ఏ సప్లిమెంటూ లేకుండా విటమిన్ సి బిళ్లలు వేసుకున్నవాళ్లలో రాళ్ల ముప్పు సుమారు రెట్టింపు కనిపించింది. రోజూ వేసుకునేవాళ్లలో అప్పుడప్పుడు వేసుకునేవాళ్లకంటే ఎక్కువ. అక్కడ దొరికే బిళ్ల ఇంచుమించు 1000 మి.గ్రా.దే. మల్టీవిటమిన్ మాత్రమే వేసుకున్నవాళ్లలో ముప్పు పెరగలేదు. అందులో సి మోతాదు తక్కువ కదా.

ఇది గమనించి చూసిన పరిశోధన, బిళ్ల ఇచ్చి చేసిన ప్రయోగం కాదు. బిళ్లే కారణమని నూటికి నూరుపాళ్లు తేల్చలేదు. ఆ మాటా చెప్పాలి.

విటమిన్_వీరుడు
రెట్టింపు అని పెద్ద అక్షరాలతో రాస్తే భయమేస్తుంది. అసలు ఎంతమందిలో ఎంతమందికి వచ్చిందో అది చెప్పండి మాస్టారూ.

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న. బిళ్ల వేసుకోనివాళ్లలో నూటికి 1.8 మందికి, వేసుకున్నవాళ్లలో నూటికి 3.4 మందికి. 11 ఏళ్లలో. అంటే బిళ్లలు వేసుకున్న వందమందిలో 96 మందికి పైగా ఏమీ కాలేదు. మీరు ఆ 96లో ఉండి ఉండొచ్చు, అందుకే మీకు రాయీ రప్పా లేదు.

కానీ ఈ లెక్క ఎప్పుడూ రాయి రానివాళ్లది. ఇక్కడ అడిగినావిడ భర్తకి ఇప్పటికే వచ్చింది. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం మామూలుగానే చాలా ఎక్కువ. ఆ ఎక్కువ మీద ఇంకా ఎక్కించుకోవడం ఎందుకన్నదే ప్రశ్న.

ఉలవచారు
మా అమ్మమ్మ కాలంలో బిళ్లలూ లేవు, స్వీడనూ లేదు. కొండపిండి ఆకు పప్పులో వేసి వండేది, అరటిదవ్వ రసం తాగించేది, ఉలవలు ఉడికించిన నీళ్లు ఇచ్చేది. రాయి కరిగి పోయేది.

చుక్కకూర_పప్పు
నీ పేరు చూస్తేనే తెలుస్తోంది ఏం రాసిస్తావో 😀

స్టెంట్_డాక్టర్
@ఉలవచారు 5 మి.మీ. లోపు రాళ్లలో ఎక్కువ భాగం ఏ మందూ లేకపోయినా జారిపోతాయి. ఆ సమయంలో ఎవరు ఏం తాగితే దానికి పేరొస్తుంది. ఉలవచారు తాగొద్దనను, నాకూ ఇష్టమే. ఒక్కటే విన్నపం. రాయి అడ్డుపడి జ్వరం, చలి మొదలైతే ఆకు రసాలతో ఇంట్లో కూర్చోకండి. అడ్డుపడిన కిడ్నీలో ఇన్‌ఫెక్షన్ చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఒంటేలు పూర్తిగా ఆగిపోయినా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా అంతే, రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెరుగన్నం
డైటీషియన్‌ని. అత్తగారి కోసం వివరంగా రాస్తాను.

ముందు అవసరం ఎంతో చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం రోజుకి మగవాళ్లకి 80 మి.గ్రా., ఆడవాళ్లకి 65 మి.గ్రా. విటమిన్ సి చాలు. వంద గ్రాముల జామకాయలో 200 మి.గ్రా. పైనే ఉంటుంది. ఉసిరిలో ఇంకాస్త ఎక్కువే. అంటే ఒక మామూలు జామకాయతోనే ఆ రోజు అవసరం తీరిపోయి మిగులుతుంది.

"మరి రెండు జామకాయలు తింటే 400, దాంతో రాయి రాదా?" అని అడుగుతారు. వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన అమెరికా పరిశోధనల్లో తిండి ద్వారా వచ్చే విటమిన్ సికీ రాళ్లకీ సంబంధం కనిపించలేదు. బిళ్లల ద్వారా వచ్చేదానికే, అదీ మగవాళ్లలో, కనిపించింది. పండు తిన్నప్పుడు నీరు, పొటాషియం, రాయి కట్టనివ్వని సిట్రేట్ కూడా వస్తాయి. ఒకేసారి గ్రాము ఎవరూ తినరు. అయితే సీసాల్లో వచ్చే చిక్కటి ఉసిరి రసం రోజూ గ్లాసులకొద్దీ తాగుతుంటే మాత్రం నేను దాన్ని పండు కింద జమకట్టను, బిళ్లతో సమానంగానే చూస్తాను.

అత్తగారు నిజంగా కాపలా కాయాల్సింది పాలకూర, తోటకూర, చుక్కకూర, బీట్‌రూట్, గుప్పెళ్లకొద్దీ తినే బాదం, జీడిపప్పు. వీటిలో ఆక్సలేట్ ఎక్కువ. పొద్దున్నే పచ్చి పాలకూర మిక్సీలో వేసి తాగే అలవాటు ఉంటే అది ఈరోజే ఆపించండి. వండుకోవాలంటే ఆకు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే ఆక్సలేట్ చాలావరకు పోతుంది. టమాటాలో ఆక్సలేట్ తక్కువే, పాపం దాన్ని వదిలేయండి.

పెరుగు మానొద్దు! కాల్షియం రాయి కాబట్టి కాల్షియం మానాలి అనుకోవడం సహజం. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. భోజనంలో కాల్షియం ఉంటే అది పేగులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని మలంలో పంపేస్తుంది. కాల్షియం లేకపోతే ఆక్సలేట్ నేరుగా రక్తంలోకి, అక్కడ్నుంచి కిడ్నీకి వెళ్తుంది. ఇటలీలో పదేపదే రాళ్లు వచ్చే మగవాళ్లని రెండు గుంపులు చేసి ఐదేళ్లు చూశారు. కాల్షియం తగ్గించినవాళ్లలో 38 శాతం మందికి మళ్లీ వచ్చాయి. కాల్షియం మామూలుగా తిని ఉప్పు, మాంసం తగ్గించినవాళ్లలో 20 శాతం మందికే. పాలకూర పప్పు తిన్న రోజున చివర్లో పెరుగన్నం తినడం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. దాన్ని అలాగే ఉంచండి.

కూకట్‌పల్లి_కోడలు
@పెరుగన్నం ఆయన రోజూ పొద్దున పాలకూర, బీట్‌రూట్, ఉసిరి కలిపి జ్యూస్ తాగుతారండీ! ఆఫీసులో ఎవరో చెప్పారట రక్తం పడుతుందని. ఆ తర్వాత బిళ్ల.

స్టెంట్_డాక్టర్
అయితే బిళ్ల ఒక్కదాని మీదే నేరం మోపలేం. రెండూ ఆపించండి.

గూడూరు_నిమ్మ
నిమ్మతోట ఉన్నవాణ్ని. నిమ్మకాయ మానొద్దు అన్నారు, సంతోషం. కానీ నిమ్మలోనూ విటమిన్ సియే కదా? ఇది ఎలా మంచిది, బిళ్ల ఎలా చెడ్డది?

పెరుగన్నం
నిమ్మలో పులుపుకి ముఖ్య కారణం సిట్రిక్ ఆమ్లం. మూత్రంలోకి చేరే సిట్రేట్ కాల్షియాన్ని పట్టుకుంటుంది, ఆక్సలేట్‌తో జతకట్టనివ్వదు. డాక్టర్లు రాసే పొటాషియం సిట్రేట్ సిరప్ పనిచేసేదీ ఇందుకే. విటమిన్ సి అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, అది వేరు. ఒక కాయలో ఉండేది చాలా కొద్ది మోతాదు. రోజుకి రెండు కాయలు నీళ్లలో పిండుకుని తాగొచ్చు. ఉప్పు మాత్రం వేయొద్దు, పంచదార కూడా తక్కువే. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది.

గూడూరు_నిమ్మ
మా గూడూరు మార్కెట్‌లో రేటు పడిపోయిన రోజున ఈ మాట మైకులో చెప్పిస్తా.

చుక్కకూర_పప్పు
ఉప్పు మానమంటే ఆవకాయ కూడానా?

పెరుగన్నం
ముద్దకో ముక్క కాకుండా భోజనానికో ముక్క. ఇంకేమీ తగ్గించి చెప్పలేను 🙂

జగిత్యాల_టు_దోహా
అన్నా, మా క్యాంపులో ఈ రాళ్ల బాధ లేనోడు తక్కువ. నేను స్కాఫోల్డింగ్ పని చేస్తా. ఇక్కడ ఎండాకాలంలో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట పని బంద్ అని కతార్ ప్రభుత్వం రూల్ పెట్టింది. ఆ టైమ్ పోను మిగతా గంటలు కూడా చెమట ఆగదు. బాత్రూమ్ దూరం, కిందికి దిగి మళ్లీ ఎక్కాలె అని చాలామంది నీళ్లు తాగుడే తక్కువ చేస్తరు. ఒంటేలు చాయ్ రంగుల వస్తది.

ఇంటికి పోయినప్పుడు షాపుల "వీక్‌నెస్‌కి" అని అడిగితే పొంగే విటమిన్ సి బిళ్లల ట్యూబులు ఇస్తరు. ఇక్కడ సూపర్‌మార్కెట్ల కూడా దొరుకుతయి. మావోళ్లు చల్లటి నీళ్లల్ల వేసుకుని కూల్‌డ్రింకు లెక్క రోజుకు రెండు మూడు తాగుతరు. ఎండలో శక్తి వస్తదని నమ్మకం. నా రూమ్మేట్‌కి పోయిన ఏడాది రెండు దిక్కులా రాళ్లు. పని బంద్, జీతం కట్, ఇంటికి పంపిండ్రు. అప్పు ఇంకా తీరలేదు. ఈ ముచ్చట ఇంత వివరంగా మాకు ఎవరూ చెప్పలే. మా వాట్సాప్ గ్రూపుల పెట్టుకోవచ్చా?

స్టెంట్_డాక్టర్
తప్పకుండా పెట్టండి. మీవాళ్లకి అన్నింటికంటే ముఖ్యమైనది నీళ్లే. రాయి వచ్చినవాళ్లు రోజుకి కనీసం రెండున్నర లీటర్ల మూత్రం పోసేంత నీళ్లు తాగాలి. తాగేది రెండున్నర కాదు, పోసేది రెండున్నర. మీ ఎండలో చెమటకి పోయేది కూడా కలుపుకుంటే ఎంత తాగాలో ఒక అంకె చెప్పలేం, కాబట్టి రంగు చూడండి. దాదాపు తెల్లగా, లేత పసుపులో ఉండాలి. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు తాగండి, మధ్యలో లేచినప్పుడు ఇంకొకటి.

ఇటలీలోనే ఇంకో ప్రయోగం జరిగింది. మొదటిసారి రాయి వచ్చినవాళ్లలో సగం మందికి నీళ్లు బాగా తాగమని చెప్పి ఐదేళ్లు చూస్తే 12 శాతం మందికి మళ్లీ వచ్చింది. మిగతా సగంలో 27 శాతం మందికి వచ్చింది. ఇంత చవకైన మందు ఇంకోటి లేదు.

బిళ్లలు రెండు మూడు అంటే 2000 నుంచి 3000 మి.గ్రా. పెద్దవాళ్లకి పైహద్దుగా అమెరికా నిపుణులు పెట్టిందే 2000. దానికి తోడు చెమట పట్టి చిక్కబడిన మూత్రం. మీవాళ్లని ఈ బిళ్లలు ఆపమనండి. నీళ్లు, ఎక్కువ చెమట పట్టిన రోజున ఓఆర్‌ఎస్ చాలు.

ఫ్రైడే_ఫ్రెండ్
అందరూ నీళ్లంటున్నారు, బీరు సంగతి ఎవరూ ఎత్తరేం? రెండు బీర్లు కొడితే రాయి కొట్టుకుపోతుందని మా గ్యాంగ్ మొత్తం నమ్మకం.

స్టెంట్_డాక్టర్
ఒంటేలు ఎక్కువ వస్తుంది, ఆ తర్వాత ఒళ్లు ఎండిపోతుంది, మర్నాడు మూత్రం ఇంకా చిక్కగా ఉంటుంది. బీరుతో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, దాంతో వచ్చే రాళ్లు వేరే ఉన్నాయి. అసలు రాయి అడ్డుపడి నొప్పి పుడుతున్నప్పుడు ఒక్కసారిగా లీటర్లకొద్దీ ఏది తాగినా నొప్పి పెరుగుతుంది. బీరు మందు కాదు.

ఫ్రైడే_ఫ్రెండ్
గ్యాంగ్‌కి చెప్తాను. బాధపడతారు.

రాగిచెంబు
నాకు రక్తం తక్కువ. ఐరన్ బిళ్లతో పాటు విటమిన్ సి 500 వేసుకోమన్నారు. ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది. ఆపేయాలా?

లెక్కల_మాస్టారు
పైన పెరుగన్నం గారు చెప్పిన అమెరికా పరిశోధనల్లో ఆడవాళ్లలో విటమిన్ సి బిళ్లలకీ రాళ్లకీ సంబంధం కనిపించలేదు. మగవాళ్లలోనే కనిపించింది. స్వీడన్ పరిశోధనలో ఆడవాళ్లు అసలు లేరు.

స్టెంట్_డాక్టర్
@రాగిచెంబు ఐరన్ మాత్రం ఆపొద్దు. మీకు ఇంతకుముందు రాళ్లు లేకపోతే, కిడ్నీ పనితీరు బాగుంటే, కొన్ని నెలల పాటు 500 వేసుకున్నందుకు కంగారుపడక్కర్లేదు. రాసిన డాక్టరుని అడగండి, చాలాసార్లు బిళ్ల బదులు నిమ్మకాయ నీళ్లతో ఐరన్ వేసుకున్నా సరిపోతుంది. ఐరన్ బిళ్ల వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగకండి, మీకు దానివల్ల ఎక్కువ తేడా వస్తుంది.

ల్యాబ్_లాంతరు
ల్యాబ్‌లో పని చేస్తాను. ఎవరూ చెప్పని ఒక విషయం. విటమిన్ సి ఎక్కువ మోతాదులో వేసుకుని మూత్ర పరీక్షకి వస్తే మేము ముంచి చూసే స్ట్రిప్ మోసపోతుంది. మూత్రంలో రక్తం ఉన్నా "లేదు" అని, చక్కెర ఉన్నా "లేదు" అని చూపించవచ్చు. రాయి ఉన్నవాళ్లలో రక్తం కనపడటమే ముఖ్యమైన గుర్తుల్లో ఒకటి కదా. మైక్రోస్కోపు కింద చూస్తే ఎర్రకణాలు బయటపడతాయి, కానీ స్ట్రిప్ నెగటివ్ రాగానే అక్కడితో ఆపేసే చోట్లు ఉన్నాయి. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఏ విటమిన్ బిళ్లలు వేసుకుంటున్నారో చెప్పండి. మా కౌంటర్ దగ్గర ఒక్కరూ చెప్పరు, అడిగినా "మందులేమీ లేవు" అంటారు. విటమిన్‌ని మందు కింద లెక్కవేయరు మనవాళ్లు.

లేబుల్_చదువరి
ల్యాబ్_లాంతరు గారు అన్నది అక్షరాలా నిజం. మందు కాదనుకుంటాం కాబట్టే లెక్క ఉండదు. మా అన్నయ్య షెల్ఫ్ చూశాను. పొద్దున పొంగే బిళ్ల 1000. మధ్యాహ్నం జింక్ కలిపిన నమిలే బిళ్ల 500. జిమ్ వాళ్లిచ్చిన కొల్లాజెన్ పొడిలోనూ సి. మల్టీవిటమిన్‌లో ఇంకొంచెం. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నదే, కలిపితే రోజుకి 1600 దాటింది.

పొంగే బిళ్లల్లో ఇంకో తిరకాసు ఉంది. పొంగడానికి అందులో సోడియం బైకార్బొనేట్ వేస్తారు. కొన్ని బ్రాండ్లలో ఒక్కో బిళ్లకి 200 నుంచి 300 మి.గ్రా. దాకా సోడియం ఉంటుంది. ఒక పక్క ఆక్సలేట్ పెంచేది, ఇంకో పక్క కాల్షియాన్ని మూత్రంలోకి తోసే ఉప్పు. బీపీ ఉన్నవాళ్లు ఆ లేబుల్ తప్పక చూసుకోవాలి.

మెరుపుతీగ
గ్లూటాథియోన్‌తో పాటు వేసుకుంటే చర్మం మెరుస్తుందని పార్లర్‌లో 1000 బిళ్లలు అమ్ముతున్నారు. మా చెల్లి వేసుకుంటోంది, 22 ఏళ్లు. పెళ్లిచూపులు ఉన్నాయని.

పెరుగన్నం
22 ఏళ్ల పిల్ల చర్మం కోసం గ్రాము బిళ్లలా! కోపం వస్తోందండి, మీ మీద కాదు, అమ్మేవాళ్ల మీద. జామకాయ తినిపించండి. బిళ్లలు అమ్మడానికి పార్లర్‌కి ఏం అర్హత ఉంది?

పలాస_పిల్లగాడు
మా నాన్నకి కిడ్నీలు సరిగా పని చేయట్లేదు, రక్తంలో క్రియాటినిన్ ఎక్కువ, ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. మాది ఉద్దానం. నీరసంగా ఉంటే తెలిసినాయన విటమిన్ సి 1000 ఇవ్వమన్నాడు. రాళ్లు లేవు కాబట్టి ఇవ్వొచ్చా?

స్టెంట్_డాక్టర్
ఇవ్వొద్దు. ఈ చర్చలో నేను ఖచ్చితంగా చెప్పే మాట ఇదొక్కటే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఆక్సలేట్ బయటికి పోక లోపలే పేరుకుంటుంది, రాయి కట్టకపోయినా కిడ్నీ కణజాలంలోనే దిగి ఇంకా పాడుచేస్తుంది. ఉద్దానంలో చాలామందికి ఉన్న కిడ్నీ సమస్య రాళ్ల వల్ల వచ్చేది కాదు, అది వేరే జబ్బు. అయినా జాగ్రత్త ఇక్కడ రెట్టింపు ఉండాలి. నాన్నగారిని చూసే నెఫ్రాలజిస్టుని అడగకుండా నీరసానికి ఏ బిళ్లా, ఏ ఆకు పసరూ ఇవ్వకండి. నేను పైన నీళ్ల గురించి చెప్పింది కూడా ఆయనకి వర్తించదు. ఆయన ఎన్ని నీళ్లు తాగాలో వాళ్లే చెప్తారు. నొప్పులకి షాపులో కొనే బిళ్లలు కూడా వద్దు.

పలాస_పిల్లగాడు
సరేనండి. తెచ్చిన సీసా తెరవలేదు. అలాగే ఉంచేస్తాను.

విటమిన్_వీరుడు
ఇంత చదివాక కూడా నా మాట నాదే. ఆరోగ్యంగా ఉన్నవాడు వేసుకుంటే తప్పులేదు. జలుబు రాకపోవడం నేను కళ్లారా చూస్తున్నా.

లెక్కల_మాస్టారు
జలుబు మీద చాలా ప్రయోగాలు జరిగాయి, వాటన్నింటినీ కలిపి చూశారు. రోజూ వేసుకున్నా మామూలు జనానికి జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దవాళ్లలో ఎనిమిది శాతం తొందరగా తగ్గింది. వారం జలుబులో అది పూట. మారథాన్ పరుగు లాంటి విపరీతమైన శ్రమ చేసేవాళ్లకి మాత్రం కొంత లాభం కనిపించింది. మీరు పరుగెత్తుతారా?

విటమిన్_వీరుడు
పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ నడుస్తాను. సరే, 1000 నుంచి 200కి దిగితే ఒప్పుకుంటారా?

స్టెంట్_డాక్టర్
ఒంటికి పట్టేది అంతే కాబట్టి మీకు నష్టమేమీ ఉండదు. నాకూ అభ్యంతరం లేదు. ఒక్కసారి అల్ట్రాసౌండ్ తీయించుకోండి. చాలా రాళ్లు కదిలేదాకా నొప్పే రాదు.

కూకట్‌పల్లి_కోడలు
రాయిని పరీక్షకి పంపిన రిపోర్టు వచ్చింది. కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ అని రాశారు. బిళ్ల, పచ్చి జ్యూస్ రెండూ ఆగిపోయాయి. మరిది ఈ చర్చ మొత్తం చదివాడు. షాపులో పొంగే బిళ్లలు అడిగినవాళ్లని ముందు "రాళ్లు వచ్చాయా, క్రియాటినిన్ ఎంత" అని అడుగుతానన్నాడు. అత్తగారు నిమ్మకాయకి ఒప్పుకున్నారు, టమాటాకి ఇంకా ఒప్పుకోలేదు. ఇప్పుడు డాక్టరు 24 గంటల మూత్ర పరీక్ష చేయించమన్నారు, కొన్ని వారాలు ఆగి.

చుక్కకూర_పప్పు
మా నాన్నకీ అదే రాశారు. క్యాన్ ఇచ్చి పంపారు గానీ ఎలా పట్టాలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. @ల్యాబ్_లాంతరు కాస్త చెప్పరూ?

ల్యాబ్_లాంతరు
ఆదివారం ఇంట్లో ఉండే రోజు పెట్టుకోండి. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం పారబోసి, ఆ టైమ్ రాసుకోండి. అక్కడ్నుంచి వచ్చే ప్రతి చుక్కా క్యాన్‌లో పోయాలి, రాత్రిది కూడా. సోమవారం పొద్దున అదే టైమ్‌కి వచ్చేది చివరిది, దాన్నీ కలిపి మూత పెట్టండి. మధ్యలో ఒక్కసారి మర్చిపోయినా మొత్తం లెక్క తప్పుతుంది, మళ్లీ ఇంకో రోజు మొదలుపెట్టడమే మేలు.

క్యాన్ అడుగున కొంచెం ద్రవం ఉంటే అది ఆమ్లం, ఒలకబోయొద్దు, కడగొద్దు. నేరుగా క్యాన్‌లో పోయకుండా ఒక మగ్గులో పట్టి పోయండి, చిందితే చర్మం కాలుతుంది. చల్లటి చోట ఉంచండి. ఆ రోజు ప్రత్యేకంగా పథ్యం చేయొద్దు, రోజూ తినేదే తినాలి, లేకపోతే అసలు తేడా ఎక్కడుందో తెలియదు. విటమిన్ సి మాత్రం కొన్ని రోజుల ముందే ఆపి ఉండాలి. క్యాన్‌లో ఉన్న విటమిన్ సి కూడా నిలవలో ఆక్సలేట్‌గా మారి రిపోర్టులో అంకె పెంచేస్తుంది.

చుక్కకూర_పప్పు
ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు. పథ్యం వద్దన్నారు కాబట్టి అదీ తినొచ్చు కదా?

ల్యాబ్_లాంతరు
ప్రతి ఆదివారం తింటుంటే తినమనండి. క్యాన్ మీద పేరు, మొదలుపెట్టిన టైమ్, ముగించిన టైమ్ రాసి సోమవారం పది లోపు ఇచ్చేయండి.